లారీ బేకర్ ఇటుకల లెక్క

హైదరాబాదు చుట్టూ ఫామ్‌హౌసులు కట్టించుకునేవాళ్ళ నోట ఈమధ్య "బేకర్ స్టైల్" అనే మాట తరచుగా వినబడుతోంది. ఆ స్టైల్లో జరిగే పని ఇదీ: కాంక్రీటు పిల్లర్లూ బీములూ మామూలుగానే పోస్తారు. మధ్యలో గోడ లేపుతారు. దానికి గిలాబు చేస్తారు. ఆ గిలాబు మీద ఇటుకలా కనిపించే పలుచటి పలకలు అంటించి, రంగు పోకుండా పైన ఒక పూత పూస్తారు. మామూలు గోడకయ్యే ఖర్చంతా అయ్యాక, దాని మీద ఇటుక వేషం ఖర్చు అదనం. దీనికి కేరళలో తక్కువ ఖర్చు ఇళ్ళు కట్టిన ఆర్కిటెక్టు లారీ బేకర్ పేరు పెట్టడం అన్యాయం. గోడకి చొక్కా తొడిగే ఈ అలవాటు మాన్పించడానికే ఆయన నలభై ఏళ్ళు మేస్త్రీల పక్కన నిలబడ్డాడు.

బేకర్‌ది ఒక స్టైలని నేను ఒప్పుకోను. ఆయనది లెక్క. ఏ ఇటుక ఏ పని చేస్తోంది, చేయకపోతే అక్కడ ఎందుకుంది, దాని డబ్బు ఎవరి చేతికి వెళ్తోంది అనే లెక్క. ఎర్రటి గోడలు ఆ లెక్కకి తిరువనంతపురంలో వచ్చిన జవాబు. అదే లెక్క హిమాలయాల్లోని పిథోరాగఢ్‌లో వేస్తే రాతి గోడలు వచ్చాయి. నల్లగొండలో వేస్తే ఇంకోటి రావాలి.

ఆయన 1917 మార్చి 2న ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో పుట్టాడు. అక్కడే ఆర్కిటెక్చర్ చదివాడు. యుద్ధాలకి ఒప్పుకోని క్వేకర్ అనే క్రైస్తవ శాఖవాడు కావడంతో రెండో ప్రపంచ యుద్ధంలో తుపాకీ పట్టకుండా అంబులెన్సు దళంలో చేరి చైనా వెళ్ళాడు, అక్కడ కుష్ఠు రోగుల సేవ చేశాడు. ఇంటికి తిరిగి వెళ్తూ ఓడ కోసం బొంబాయిలో ఆగినప్పుడు గాంధీని కలిశాడు. గుడ్డ పీలికలతో కుట్టిన బేకర్ చెప్పులు గాంధీ కంటబడ్డాయనీ, మాటల్లో ఇంటి సంగతి వచ్చిందనీ, ఇల్లు కట్టే సామగ్రి అయిదు మైళ్ళ లోపలే దొరకాలని గాంధీ అన్నాడనీ బేకరే చెప్పుకున్నాడు. 1945లో కుష్ఠు మిషన్ ఆసుపత్రులు కట్టే ఆర్కిటెక్టుగా భారతదేశం వచ్చాడు. 1948లో పెళ్ళాడిన ఎలిజబెత్ జేకబ్ మలయాళీ, హైదరాబాదులో పనిచేసిన డాక్టరు. తెలుగు నేలతో ఆయనకున్న బంధుత్వం అదీ.

పెళ్ళయ్యాక ఇద్దరూ హిమాలయాల్లోని పిథోరాగఢ్ వెళ్ళి సుమారు పదహారేళ్ళు అక్కడే ఉండిపోయారు. ఆయన అసలు చదువు అక్కడ జరిగింది. బర్మింగ్‌హామ్ కాలేజీలో చెదపురుగు గురించి చెప్పలేదు, నల్లరేగడి గురించి చెప్పలేదు, నాలుగు నెలల వాన గురించి చెప్పలేదు. కొండవాళ్ళు ఎప్పటినుంచో ఆ కొండ రాయితోనూ కలపతోనూ మట్టితోనూ నిక్షేపంగా ఇళ్ళు కట్టుకుంటున్నారు. తన డిగ్రీకి తెలియంది ఊరి మేస్త్రీకి తెలుసని ఒప్పుకోవడానికి ఆయన సిగ్గుపడలేదు. 1963లో కేరళలోని వాగమణ్‌కీ, ఆ దశాబ్దం చివర్లో తిరువనంతపురానికీ మారాడు. మనం ఇవాళ చెప్పుకునే బేకర్ పనంతా దాదాపుగా ఆయనకి యాభై దాటాక మొదలైందే.

ఆఫీసు లేదు, అసిస్టెంట్ల దండు లేదు. వాడేసిన కవర్ల వెనకా పెళ్ళిపత్రికల వెనకా బొమ్మలు గీసేవాడు. సైటుకి స్వయంగా వెళ్ళి, గీతలు నేల మీదే సరిచేసి, చెట్టు అడ్డొస్తే గోడనే వంచేవాడు. కాంట్రాక్టరు మధ్యలో లేడు, మేస్త్రీలతో నేరుగా పని. వినడానికి ఇది సాధు జీవితంలా ఉంటుంది గానీ, నాకు ఇందులో కనిపించేది గట్టి ఆర్థికశాస్త్రం. మామూలుగా ఆర్కిటెక్టు ఫీజు ఖర్చులో ఇంత శాతమని ఉంటుంది. అంటే ఇల్లు ఎంత చవగ్గా కడితే ఆర్కిటెక్టుకి అంత తక్కువ ముడుతుంది. ఆ లంకె తెంపకుండా "తక్కువ ఖర్చు ఇల్లు" అని ఎన్ని సదస్సులు పెట్టినా పని జరగదు. బేకర్ ముందు ఆ లంకె తెంపాడు, ఇటుక సంగతి తర్వాత చూశాడు.

ఇక ఇటుక. ఆయన పేరుతో ముడిపడిపోయిన ర్యాట్ ట్రాప్ బాండ్, అంటే ఎలుకబోనులా ఇటుకలు పేర్చే పద్ధతి, ఆయన కనిపెట్టింది కాదు, ఇంగ్లండులో పాతదే. అక్కడ మరుగునపడిన దాన్ని ఇక్కడ పనికి పెట్టాడు. మామూలు తొమ్మిది అంగుళాల గోడలో ఇటుక వెడల్పుగా పడుకుని ఉంటుంది. ఇందులో ప్రతి ఇటుకనీ అంచు మీద నిలబెడతారు. గోడ పొడవునా బయట ఒకటి, లోపల ఒకటి నిలబెడితే మధ్యలో మూడు అంగుళాల ఖాళీ మిగులుతుంది. ఆ జత అయ్యాక ఒక ఇటుకని అడ్డంగా, అదీ అంచు మీదే, గోడ మందమంతా పట్టేలా పెడతారు. మళ్ళీ జత, మళ్ళీ అడ్డం. పై వరసలో అడ్డం ఇటుక కింది జత నడిమధ్యకి రావాలి. పైనుంచి చూస్తే వరసగా చిన్న చిన్న గదులు, ఎలుకబోనుల్లా.

230×110×75 మిల్లీమీటర్ల ఇటుక, 10 మిల్లీమీటర్ల మాలు (ఇటుకల మధ్య వేసే సిమెంటు ఇసుక ముద్ద) అనుకుని లెక్క కడదాం. మామూలు గోడకి చదరపు మీటరుకి 98 ఇటుకలు పడతాయి. ర్యాట్ ట్రాప్‌లో 325 మిల్లీమీటర్ల పొడవుకి, 120 మిల్లీమీటర్ల ఎత్తుకి మూడు ఇటుకలు. అంటే చదరపు మీటరుకి 77. నూటికి ఇరవై ఒకటి మిగిలినట్టు. వంద చదరపు అడుగుల గోడకి ఇంచుమించు రెండు వందల ఇటుకలు. మాలు ఇంకా ఎక్కువ మిగులుతుంది, ఎందుకంటే మీటరు ఎత్తుకి పన్నెండు వరసలు రావాల్సింది ఎనిమిదిన్నర లోపే అయిపోతుంది, పైగా ఖాళీ మీద మాలు పడదు. మధ్యలో చిక్కుకున్న గాలి ఎండని లోపలికి తొందరగా రానివ్వదు. పడమటి గోడకి ఇది చిన్న లాభం కాదు.

ఇంత లాభముంటే అందరూ ఎందుకు కట్టరు? ఎందుకంటే చెడగొట్టడం చాలా తేలిక. మొదటి తప్పు మాలు వేయడంలో ఉంది. పడుకోబెట్టిన ఇటుక మీద తాపీతో మాలు గుమ్మరించే చెయ్యి ఇక్కడా అలాగే గుమ్మరిస్తే సగం ఖాళీలోకి జారిపోతుంది. ఆదా అవ్వాల్సిన సిమెంటు గోడ కడుపులో చేరుతుంది. అంతకన్నా నష్టం, అది లోపలి పొరకీ బయటి పొరకీ వంతెనై, వాన చెమ్మని లోపలికి మోస్తుంది. మందు చాలా చవక: మూడు అంగుళాల వెడల్పు చెక్క పట్టీ ఖాళీ మీద కప్పి, మాలు పరిచి, తర్వాత పట్టీ పైకి తీయడం. రెండో తప్పు అంతటా గుల్లగా కట్టేయడం. బేస్‌మెంటు మీద మొదటి వరస, కిటికీ అడుగు వరస, లింటెల్ మట్టం, స్లాబు కింద ఆఖరి వరస, గుమ్మాల కిటికీల పక్కలు గట్టిగా నింపి కట్టాలి. మూలల్లోని బోనుల్లో రాడ్డు నిలబెట్టి కాంక్రీటు పోస్తే భూకంపానికీ తుపాను గాలికీ పనికొస్తుంది. ఆఖరి వరస మూయకపోతే చీమలూ బల్లులూ కాపురం పెడతాయి. పేరులో ఎలుక ఉంది గానీ గోడలో దానికి దారి ఉండకూడదు.

మూడో తప్పు ఎలక్ట్రీషియన్ చేస్తాడు. పైపు కోసం గోడ చెక్కే అలవాటు అతనిది. ఈ గోడలో చెక్కడానికి ఉన్నది మూడు అంగుళాల పొర మాత్రమే. కట్టేటప్పుడే పైపు బోనులోంచి నిలువుగా పోవాలి, స్విచ్చు పెట్టె చోటు ముందే తేలాలి. మన దగ్గర స్విచ్చులు ఎక్కడన్నది గృహప్రవేశం నెల ముందు తేలుతుంది కాబట్టి ఈ ఒక్క కారణంతోనే చాలామంది ఇంజనీర్లు ఈ గోడ వద్దంటారు. వాళ్ళని తప్పుపట్టలేం.

నాలుగోది ఇటుకే. గిలాబు లేని గోడకి ఇటుకే చర్మం. రెండు ఇటుకలు కొడితే ఖంగుమనాలి. రోజంతా నీళ్ళలో నానబెట్టి తూస్తే బరువు అయిదో వంతుకు మించి పెరగకూడదు. పొడవులు సరిగా లేని నాటు ఇటుకైతే అడ్డం ఇటుక ఒకచోట పొడుచుకొస్తుంది, ఒకచోట లోపలికి పోతుంది. బయటి ముఖం మట్టంగా ఉంచి తేడా అంతా లోపలి ముఖానికి నెట్టేయాలి, లేదా ఇటుకల్ని ముందే ఏరుకోవాలి. చూరు రెండడుగులైనా బయటికి రావాలి. చూరు తగ్గించి, గోడ వాన పీలుస్తోందని ఫిర్యాదు చేసేవాళ్ళు గొడుగు మూసుకుని వానలో నడిచేవాళ్ళే.

కాంక్రీటులో కొంత తగ్గించి ఆ చోట పెంకులు నింపే ఫిల్లర్ స్లాబు వెనక ఉన్న ఆలోచన ఇంకా అందమైంది. స్లాబు వంగినప్పుడు పైభాగం నొక్కుకుంటుంది, కిందిభాగం సాగుతుంది. కాంక్రీటు నొక్కుడికి గట్టిది, సాగుడికి పనికిరాదు. సాగుడు మోసేది రాడ్లు. అలాంటప్పుడు రాడ్ల మధ్య కిందిభాగంలో ఉన్న కాంక్రీటు కూర్చుని తింటున్నట్టే. దాని స్థానంలో రెండు బెంగుళూరు పెంకుల్ని ఒకదానికొకటి ఎదురెదురుగా మూసి, జతగా సెంట్రింగ్ మీద పెడతారు. 10×12 అడుగుల గదికి అయిదు అంగుళాల స్లాబు అనుకోండి. గోడల వెంట అడుగు మేర వదిలేసి, జతకీ జతకీ మధ్య నాలుగు అంగుళాలు విడిస్తే సుమారు నలభై మూడు జతలు పడతాయి. గదికి సుమారు 1.4 ఘనపు మీటర్లు పోయాల్సిన కాంక్రీటులో 0.3 దాకా మిగులుతుంది. నూటికి ఇరవై పైనే. పాతింటి పెంకులు వాడితే ఆ సామాను ఖర్చు దాదాపు లేనట్టే. స్లాబు బరువు తగ్గుతుంది కాబట్టి ఇనుమూ కొంత తగ్గుతుంది. రెండు పెంకుల మధ్య గాలి వల్ల మే నెల మధ్యాహ్నం పైకప్పు సెగ తగ్గుతుంది.

ఇక్కడా జారిపడే చోట్లున్నాయి. గోడల వెంట ఆ అడుగు మేర ఎందుకు వదలాలంటే, స్లాబు గోడని ఆనే చోట కోత బలం (స్లాబుని కత్తిరించినట్టు తెంపే ఒత్తిడి) ఎక్కువ, అక్కడ కాంక్రీటు నిండుగా ఉండాలి. దీన్ని పట్టించుకోకుండా అంచుదాకా పెంకులు పేర్చిన స్లాబు ప్రమాదం. పెంకులు గంటల తరబడి నీళ్ళలో నానాలి. పొడి పెంకు కాంక్రీటులోని నీళ్ళు తాగేస్తే చుట్టూ కాంక్రీటు బలపడదు. రాడ్డు పెంకుని ఆనుకుని ఉండకూడదు, చుట్టూ కాంక్రీటు పట్టాలి, సముద్ర తీరంలో మరీనూ. ఫ్యాను కొక్కెం పెంకుల మధ్య పట్టీలోనే ముందుగా కట్టుకోవాలి, తర్వాత డ్రిల్లు పెడితే పెంకు పగిలి ముక్క నెత్తిన పడుతుంది. ఒక్కో పట్టీలో ఎన్ని రాడ్లు, ఎంత మందం అనేది గది వెడల్పుని బట్టి ఇంజనీరు తేల్చాలి. పక్కింటి స్లాబు చూసి పోసుకునే పని కాదిది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. కిటికీ గోడకన్నా ఎన్నో రెట్లు ఖరీదు. వెలుతురుకీ గాలికీ ఇటుకల మధ్య సందులు వదిలిన జాలీ చాలు, అది బరువు కూడా మోస్తుంది. బయటికి చూడాల్సిన చోట మాత్రమే కిటికీ. ఆ కిటికీకి కూడా బేకర్ ఒకచోట చట్రం తీసేశాడు: ఒక నిలువు పలక, కింద ఒక రంధ్రం, పైన ఒక రంధ్రం, పలక వాటిలో తిరుగుతుంది. ప్రతి గుమ్మం మీదా కాంక్రీటు లింటెల్ అక్కర్లేదు. పైనున్న గోడ బరువంతా గుమ్మం మీద పడదు, త్రికోణం మేరకే పడుతుంది. ఇటుక కమాను దాన్ని పక్కలకి పంపేస్తుంది. పునాది తవ్విన మట్టిని బయటికి పోసి, మళ్ళీ బేస్‌మెంటు నింపడానికి లోపలికి మోయించే వింత ఆనవాయితీని కూడా ఆయన పట్టుకున్నాడు. మొదటే లోపలికి పోయమన్నాడు! వంద చదరపు అడుగుల గదికి చతురస్రమైతే నలభై అడుగుల గోడ, గుండ్రమైతే ముప్పై అయిదున్నర అడుగులే. ఆయన వంపుల్లో కొన్ని అందానికి, చాలావరకు ఈ నాలుగున్నర అడుగుల కోసం. వంచిన గోడ నాలుగున్నర అంగుళాల మందంలోనే నిలబడుతుంది కూడా, తిన్నటి గోడ అంత పలుచగా ఉంటే పడుతుంది. నిలబెట్టిన విస్తరాకు మడిస్తేనే నిలబడుతుంది కదా.

ఇవన్నీ ఒకేచోట చూడాలంటే తిరువనంతపురం ఉళ్ళూరులోని సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ చూడాలి. 1970ల తొలినాళ్ళలో ఆర్థికవేత్త కె.ఎన్.రాజ్ పిలిచి అప్పగించిన పని. వాలు నేల మీద చెట్లు వదిలి, వాటి చుట్టూ మెలికలు తిరిగే గోడలు, ఎత్తయిన లైబ్రరీ, జాలీల్లోంచి వడబోసిన వెలుతురు. తర్వాత అక్కడే కట్టిన కంప్యూటర్ సెంటరు నాకు మరీ ఇష్టం. కంప్యూటర్లకి దుమ్ము పడదు, చల్లదనం కావాలి. బేకర్ రెండు పొరలు కట్టాడు: బయట జాలీ, లోపల మూసిన గోడ. జాలీ మీద మోజుతో కంప్యూటర్ల మీదికి దుమ్ము వదల్లేదు, యంత్రం కోసమని జాలీ వదులుకోలేదు. తంపానూరు బస్టాండు ఎదుట ఉన్న ఇండియన్ కాఫీ హౌస్ అందరికీ తెలిసిందే. మెట్లూ అంతస్తులూ లేకుండా వాలుగా పైకి చుట్టుకుపోయే నేల, దాని వెంట కట్టేసిన బల్లలు. సర్వరు ట్రేతో ఆ వాలు ఎక్కుతూ దిగుతూ ఉంటాడు. ఆ కాళ్ళనొప్పి గురించి ఆర్కిటెక్చర్ విద్యార్థులు ఎందుకు రాయరో.

1985లో కేరళ మాజీ ముఖ్యమంత్రి సి.అచ్యుతమేనన్, కె.ఎన్.రాజ్, టి.ఆర్.చంద్రదత్‌లతో కలిసి త్రిచూరులో తక్కువ ఖర్చు ఇళ్ళు కట్టే కాస్ట్‌ఫోర్డ్ అనే సంస్థ పెట్టాడు. 1990లో పద్మశ్రీ వచ్చింది. 2007 ఏప్రిల్ 1న పోయాడు. కాస్ట్‌ఫోర్డ్ పెట్టడం బిరుదులకన్నా పెద్ద విషయం, ఎందుకంటే పద్ధతి మనిషితో పోకుండా మేస్త్రీల చేతుల్లో మిగిలింది.

ఇప్పుడు అసలు తగవు. బేకర్ లెక్క ఇవాళ చెల్లుతుందా? ఆయన మొదలుపెట్టిన రోజుల్లో సిమెంటూ ఇనుమూ ప్రియం, చేతిపని చవక. చేతిపని పెంచి సామాను తగ్గిస్తే ఇల్లు చవకయ్యేది. ఇవాళ కూలీ బాగా పెరిగింది, పెరగాలి కూడా. నెమ్మదిగా కట్టే గోడలో ఇటుక మీద మిగిలింది కూలీలో పోవచ్చు. దీనికి బేకర్ వైపు నుంచి జవాబుంది: డబ్బు సిమెంటు ఫ్యాక్టరీకి కాక మేస్త్రీ ఇంటికి వెళ్ళాలన్నదే ఆయన కోరిక. మొత్తం అంతే అయినా పంపకం మారుతుంది. ఆ జవాబు నాకు నచ్చుతుంది, కానీ ఇల్లు కట్టుకునేవాడి జేబుకి అది సరిపోదు. నిజానికి ఆదా నిలబడేది గిలాబు, పుట్టీ, రంగు పూర్తిగా ఎత్తేసినప్పుడే. గోడ బయటా లోపలా వదిలేస్తే ఆ మూడు ఖర్చులూ, అయిదేళ్ళకోసారి వచ్చే రంగు ఖర్చూ పోతాయి. ర్యాట్ ట్రాప్ కట్టి మళ్ళీ గిలాబు చేయించేవాళ్ళు రెండు విధాలా నష్టపోతున్నారు.

కూలీ లెక్కలో ఇంకో మెలిక ఉంది. మన దగ్గర పని చదరపు అడుగుకి ఇంత అని గుత్తకిస్తారు. గుత్త మేస్త్రీకి వేగమే లాభం, మూడు అంగుళాల పట్టీ తీసి పెట్టే ఓపికకి అందులో విలువ లేదు. గోడ పనికి రోజుకూలీ, మిగతా పనికి గుత్త అని విడదీయకపోతే ఈ గోడ నిలువునా చెడుతుంది. పనికి ముందు మూడడుగుల నమూనా గోడ ఒకటి కట్టించి, ఆ మేస్త్రీనే ఉంచుకోవాలి.

మనుషుల సంగతి కూడా ఉంది. 1970లలో తిరువనంతపురం తీరంలోని పూంతురలో జాలరుల కోసం ఆయన వేసిన ఇళ్ళు చక్కటి ఆలోచన: సముద్రపు గాలి అందరికీ అందేలా ఒక్కో ఇంటినీ కొంచెం పక్కకి జరిపి, గోడల నిండా జాలీలు పెట్టాడు. కానీ గిలాబు లేని గోడ చదువుకున్నవాడికి రుచి, పేదవాడికి "సగంలో ఆగిన ఇల్లు". ఈ మాటని అజ్ఞానమని కొట్టిపారేసే హక్కు మనకి లేదు. జాలీల్లోంచి దోమలూ వస్తాయి, లోపల వల బిగించాల్సిందే.

మన నేలకి వద్దాం. కోస్తా డెల్టాలో ఇటుక ఉంది, కానీ కింద నల్లరేగడి ఉంది. వానకి ఉబ్బి ఎండకి పగిలే ఆ మట్టి మీద గోడే బరువు మోసే ఇల్లు కడితే, పునాది ఒక మూల దిగినా ఇటుక గోడ నిలువునా నెర్రె విడుస్తుంది. అక్కడ పునాది మీద ఆదా కుదరదు. రేగడి తీసి ఇసుక నింపడం, బేస్‌మెంటు మట్టంలో చుట్టూ రాడ్ల పట్టీ పోయడం తప్పవు. ఇక మనవాళ్ళ "రేపు పైన ఇంకో మూడంతస్తులు" అనే ఆశ. పైకి రాడ్లు వదిలిన పిల్లర్లు లేని ఇల్లు ఇల్లే కాదనుకుంటాం. రెండంతస్తుల దాకా ఈ గోడే మోస్తుంది, అంతకు మించి అనుకునేవాళ్ళు ముందే చెప్పి పిల్లర్లకే వెళ్ళడం నయం.

ఇటుక అంటే పైమట్టి తవ్వి, బొగ్గో కట్టెలో పెట్టి కాల్చింది, అదీ మర్చిపోకూడదు. ఇబ్రహీంపట్నం, రామగుండం, పరవాడ థర్మల్ కేంద్రాల చుట్టుపక్కల ఊళ్ళకి అయిదు మైళ్ళ సామగ్రి ఏదంటే బూడిద ఇటుక. అంచులు సూటిగా, కొలతలు ఒకేలా ఉంటాయి, ర్యాట్ ట్రాప్‌కి నాటు ఇటుకకన్నా బాగా కుదురుతుంది. రంగు బూడిదే, ఫోటోలో బేకర్ గోడలా కనబడదు. నా లెక్కలో అదే ఎక్కువ బేకర్ గోడ.

మరి హైదరాబాదు? తవ్వితే గ్రానైటు. బండరాతి గోడ పదిహేను అంగుళాలకన్నా సన్నగా కట్టలేరు, ఘనపు మీటరు గోడలో మూడో వంతు మాలే తింటుంది. అంతా సిమెంటైతే ఖరీదే. పాతవాళ్ళు లోపల మట్టి మాలు వేసి, బయటి అతుకులు మాత్రం సున్నంతో మూసేవారు. ఆ పద్ధతిలో ఇప్పుడు బయట సిమెంటు పాయింటింగు చాలు. కింద తాండూరు బండలు. కర్నూలు, కడప వైపైతే అరలకీ మెట్లకీ నాపరాళ్ళు. చూరు రెండడుగులు. ఫామ్‌హౌసు కోసం పునాది తవ్వుతుంటే బయటపడ్డ రాయిని ట్రాక్టరుకి డబ్బిచ్చి బయట పారబోయించి, ఎక్కడినుంచో ఇటుక పలకలు తెప్పించుకునేవాళ్ళు ఆ ట్రాక్టరు బాడుగ ఒక్కటి లెక్క చూసుకుంటే చాలు.